నెరిసిన టేకు తలుపును పారేయకండి

నమస్కారం. మీరు చూస్తున్నది కోనసీమలోని పాత మండువా ఇంటి వీధి తలుపు. అసలు టేకు. ఎండకూ వానకూ బూడిద రంగు తిరిగి, నార తేలింది. ఇలాంటి తలుపును చూడగానే "పీకేసి కొత్తది పెట్టించండి" అనేవాళ్లే ఎక్కువ. తొందరపడకండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కలపలో నారను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని పాడుచేస్తాయి, వాన దాన్ని కడిగేస్తుంది. ఈ దెబ్బ పైపైనే. ఇదిగో, ఉలితో కాస్త గీరితే లోపలి తేనె రంగు ఎలా బయటపడిందో చూడండి!

అసలు రోగం కింద ఉంది. ద్వారబంధం నిలువు చెక్క గడపలోకి దిగే చోట కెమెరా పెడుతున్నాను. శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తాం కదా, ఆ నీళ్లు ఈ అతుకులోకి చేరతాయి. కలప పక్కల నుంచి కంటే కోసిన కొస నుంచి నీటిని ఎన్నో రెట్లు పీలుస్తుంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. ఆగిందా, గట్టిగా ఉన్నట్టు. మెత్తగా దిగిందా, పుచ్చినట్టు. పుచ్చినంత మేరా తొలిచి, ఆరనిచ్చి, చారలు కలిసేలా టేకు ముక్కే అతికించాలి. దీన్ని లప్పంతో పూడ్చి రంగు కొట్టే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోపలి తడి ఎక్కడికి పోతుందండీ?

పాత ఎనామిల్ రంగు ఉంటే మరో జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. కాబట్టి పాత రంగులో విషమైన సీసం ఉండొచ్చు, పొడి ఉప్పుకాగితంతో దుమ్ము లేపకండి. మాస్కు పెట్టుకుని, తడిపి గీకండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. మేకుల చుట్టూ ఉన్న నల్లమరకలకు ఆక్సాలిక్ ఆమ్లం పనిచేస్తుంది. చేతులకు తొడుగులు తప్పనిసరి, తర్వాత నీళ్లతో బాగా కడగాలి.

ఇక పైపూత. లక్క పాలిష్ లోపలి తలుపులకే బాగుంటుంది, బయట నీళ్లు తగిలితే తెల్లబడుతుంది. మెరిసే వార్నిష్ ఎండకు పెచ్చులూడితే మొత్తం గీకాల్సిందే. నా ఓటు బాయిల్డ్ అవిసె నూనెకు (త్వరగా ఆరేలా తయారుచేసి అమ్మేది), అందులో కాస్త కావిరంగు పొడి కలిపి. ఆ పొడి ఎండను అడ్డుకుంటుంది. పలుచగా పూసి, మిగిలిన నూనెను గుడ్డతో తుడిచేయండి. అడపాదడపా మళ్లీ పూయాలి, కానీ గీకే పని ఉండదు.

తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డల కుప్ప దానంతట అదే అంటుకోవచ్చు. అందుకే వాటిని ఈ బకెట్టు నీళ్లలో ముంచేస్తున్నాను.