దడ తగ్గిందని మాత్ర ఆపేస్తే ఏమవుతుంది?

(వంటింటి గట్టు మీద మాత్రల షీటు, పక్కన నీళ్ల గ్లాసు. కెమెరా దగ్గరగా.)

నమస్తే. మాది అనంతపురం. ఈరోజు గుండె దడకి ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రల గురించి మాట్లాడుకుందాం. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, అటెనొలాల్, ప్రొప్రనొలాల్, ఇలా చాలావాటికి పేరు చివర ‘లాల్’ అని ఉంటుంది. మీ ఇంట్లో షీటు ఉంటే తెచ్చి చూసుకోండి, నేను ఆగుతాను.

మా నాయనకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. అంటే గుండె పై గదులు ఒక లయ లేకుండా వణుకుతుంటాయి, ఆ గందరగోళం కింది గదులకీ దిగి నాడి కాసేపు గబగబా, కాసేపు ఆగి ఆగి కొట్టుకుంటుంది. పోయిన ఏప్రిల్లో తాడిపత్రిలో పెళ్లికి వెళ్తూ మాత్రలు ఇంట్లో మర్చిపోయాడు. అక్కడ మెడికల్ షాపులు లేవా, ఉన్నాయి. "నెల నుంచి దడే లేదు కదా పాపా, ఇంకెందుకు మింగేది" అన్నాడు ఫోన్లో. నేనూ సరేలే అని ఊరుకున్నాను, అది నా తప్పు. మూడో రోజు రాత్రి ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే గుండె కొట్టుకోవడం చొక్కా మీదే కనిపిస్తోంది, నాడి చూస్తే 140 దాటింది. ఆ రాత్రి ఈసీజీ తీసిన డాక్టరు గారు ముందుగా అడిగింది ఒక్కటే, మాత్ర ఎప్పుడు ఆపారు అని.

దడ లేదంటే జబ్బు పోయిందని కాదండీ, మాత్ర పని చేస్తోందని.

ఎలా పని చేస్తుందో చెప్తాను. కోపమొచ్చినా, భయమేసినా, పరిగెత్తినా ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది గుండె మీద కొన్ని చోట్ల కూర్చుని ‘వేగంగా కొట్టు’ అని చెప్తుంది. మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాం చూడండి, బీటా బ్లాకర్ చేసేది అదే. అడ్రినలిన్ వచ్చేసరికి సీట్లలో తువ్వాళ్లుంటాయి. 1960లలో ప్రొప్రనొలాల్ తయారు చేసిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ ఇచ్చారు, అంత గొప్ప ఆలోచన ఇది. కానీ ఒక చిక్కు ఉంది. రోజులు గడిచేకొద్దీ శరీరం ఇంకొన్ని సీట్లు వేసుకుంటుంది. అప్పుడు తువ్వాళ్లన్నీ ఒక్కసారిగా లాగేస్తే అడ్రినలిన్ ముందుకన్నా ఎక్కువ చోట్ల కూర్చుంటుంది. దడ తిరగబడుతుంది, బీపీ పెరుగుతుంది, గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నవాళ్లకైతే గుండెపోటు దాకా పోవచ్చు. అందుకే నిజంగా ఆపాల్సి వచ్చినా డాక్టర్లు ఒకటి రెండు వారాలు పట్టించి, మెల్లగా డోసు తగ్గిస్తూ ఆపిస్తారు.

ఒక పూట మర్చిపోతే? గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి మాత్రకి టైము దగ్గరపడితే మాత్రం మర్చిపోయినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి ఎప్పుడూ మింగొద్దు. మెటోప్రొలాల్‌ని తిండితో పాటు గానీ తిన్న వెంటనే గానీ రోజూ ఒకే వేళకి వేసుకోవాలి, మా ఇంట్లో ఉగ్గాని తిన్నాక అని పెట్టుకున్నాం. షీటు మీద ఎక్స్‌ఎల్ అనో ఎక్స్‌ఆర్ అనో ఉంటే నమలొద్దు, నూరి సంగటిలో కలపొద్దు, ఎందుకంటే రోజంతా కొంచెం కొంచెంగా దిగాల్సిన మందు ఒకేసారి దిగుతుంది.

(మణికట్టు మీద రెండు వేళ్లు. గోడ గడియారం.)

నాడి చూసుకోవడం నేర్చుకోండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, బొటనవేలి కిందుగా మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించి లెక్కపెట్టాలి. లయ తప్పే గుండె కాబట్టి పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే సరిపోదు, నిమిషం మొత్తం లెక్కపెట్టండి. 50 కంటే తగ్గి కళ్లు తిరుగుతుంటే ఆ పూట మాత్ర వేసుకునే ముందే డాక్టరుకి ఫోన్ చేయండి. మీ వరకు ఎంత తగ్గితే చెప్పాలో ముందే అడిగి క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

మన ఎండల సంగతి వేరు. 40 డిగ్రీలు దాటాక చెమటకి నీళ్లు పోయి బీపీ తగ్గుతుంది, పైగా ఈ మాత్ర, కొందరికి మూత్రం మాత్ర కూడా, దాంతో శెనక్కాయ చేలో వంగి పనిచేసి టక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. మెల్లగా లేవండి. ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరునే అడగండి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి కొలత ఉంటుంది.

ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి, ముఖ్యంగా ప్రొప్రనొలాల్ రాస్తే, అది ఊపిరి గొట్టాలని బిగించగలదు. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. షుగర్ పడిపోతే వచ్చే దడ, వణుకు ఈ మాత్ర వల్ల తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. ఉపవాసం రోజు ఉన్నట్టుండి చల్లటి చెమట పట్టిందంటే ఎండ అనుకోకుండా షుగర్ చూడండి. వెరపమిల్, డిల్టియాజెమ్ అనేవి వేరే డాక్టరు రాసి ఉంటే మందుల చీటీలన్నీ కలిపి చూపించండి, వీటితో కలిస్తే నాడి మరీ పడిపోవచ్చు.

చాలామంది కలిపేసుకునేది ఇంకోటుంది. బీటా బ్లాకర్ వేగాన్ని అదుపు చేస్తుంది, రక్తం గడ్డ కట్టకుండా ఆపదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పై గదిలో గడ్డ కట్టి మెదడుకి పోతే పక్షవాతం వస్తుంది, దానికి రాసిచ్చే రక్తం పల్చబడే మాత్ర వేరు. రెండూ రాస్తే రెండూ వేసుకోవాల్సిందే.

గుండెలో నొప్పి, స్పృహ తప్పడం, కూర్చున్నా ఆగని ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, 108 కి చేయండి.

ఇప్పుడు నాయన చేతిసంచిలో ఎప్పుడూ వారం మాత్రలు విడిగా ఉంటాయి, పక్కనే మందుల చీటీ జిరాక్స్. వచ్చే నెల మళ్లీ గుత్తిలో పెళ్లి ఉంది, సంచి నేనే సర్దుతాను.