బ్లూబెర్రీ రివ్యూ: పండు, జ్యూస్, పొడి, క్యాప్సూల్... వీటిలో సరుకు దేంట్లో ఉంది?

నమస్తే అండీ. టేబుల్ మీద బ్లూబెర్రీ ఆరు రూపాల్లో ఉంది. తాజా పండు, ఫ్రోజెన్, ఎండబెట్టినవి, జ్యూస్, ఫ్రీజ్ డ్రైడ్ (గడ్డకట్టించి తేమ తీసేసిన) పొడి, క్యాప్సూల్. రుచికి మార్కులు వేయట్లేదు ఇవాళ. ఆంథోసయనిన్లు, అంటే పండుకి ఆ నీలం రంగునిచ్చే పదార్థాలు, మన ఒంట్లోకి దేని ద్వారా చేరతాయో చూద్దాం.

ముందు తాజా పండుని సగానికి కోస్తున్నా. దగ్గరగా చూడండి. లోపల గుజ్జు లేత ఆకుపచ్చ, దాదాపు తెలుపు. రంగంతా తొక్కలోనే. అందుకే పండు సైజు చూసి మురిసిపోకండి. అదే బరువుకి చిన్న పండ్లు తీసుకుంటే తొక్క ఎక్కువ వస్తుంది. అడవి బ్లూబెర్రీలకి అంత పేరు రావడానికి పెద్ద కారణం ఇదే. బిల్‌బెర్రీ అని దీని చుట్టం ఒకటుంది, దాన్ని కోస్తే లోపల కూడా ముదురు ఊదా రంగే. అది వేరే పండు. లేబుల్ చదివేటప్పుడు రెండూ కలిపేయకండి.

తొక్క మీద బూడిద రాసినట్టుండే పొర బూజు కాదు, సహజమైన మైనం. తేమ బయటికి పోకుండా ఆపుతుంది. తేగానే కడిగి డబ్బాలో పెడితే ఆ పొర చెదిరి, తడి నిలిచి, అసలు బూజు అప్పుడొస్తుంది. తినే ముందే కడగండి.

ఇప్పుడు ఫ్రోజెన్. నా ఓటు దీనికే. మైనస్ 18 డిగ్రీల్లో ఉంచితే నెలలు గడిచినా ఆంథోసయనిన్లు పెద్దగా తగ్గవు. ఐస్ పలుకులు కణాల గోడల్ని చీల్చేస్తాయి కాబట్టి కరిగాక, ఇదిగో, తెల్ల ప్లేటు నిండా ఊదా రసం. చాలామంది దీన్ని వంపేస్తారు. వంపేది సరుకునే! పెరుగులోనో ఓట్స్‌లోనో గడ్డగా ఉండగానే వేసేయండి. కొనేటప్పుడు సంచి ఊపి చూడండి, పండ్లు విడివిడిగా గలగలలాడాలి. అంతా ఒకే ముద్దయితే మధ్యలో కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టే.

జ్యూస్ దగ్గర నాకు పేచీ ఉంది. పండుని నలపగానే అందులోనే ఉన్న పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌కి గాలి తగులుతుంది. అది ముందు పండులోనే ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం మీద పడుతుంది, అక్కడ పుట్టిన క్వినోన్లు అనే పదార్థాలు వెళ్ళి ఆంథోసయనిన్లని చెడగొడతాయి. మిగిలిన తొక్క, పీచు పిప్పిలో పోతాయి. గ్లాసులో చక్కెర మాత్రం భద్రంగా ఉంటుంది. ఇంట్లో స్మూతీ చేస్తే మొత్తం పండు వేసి వెంటనే తాగండి. అరటిపండు కలపకండి, దాంట్లో ఇదే ఎంజైమ్ దండిగా ఉంది. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో అరటిపండు స్మూతీ తాగినవాళ్ళ ఒంట్లో ఫ్లేవనాల్స్ 84 శాతం తక్కువగా కనిపించాయి. ఫ్లేవనాల్స్ అంటే ఆంథోసయనిన్లకి దాయాదులు, అచ్చంగా అవే కావు. అయినా ఆ జోడీ వద్దనే చెబుతా.

ఎండబెట్టినవి కొనేముందు వెనక పదార్థాల వరస చదవండి. చక్కెర, నూనె కలిపినవి చాలా ఉంటాయి. వేడికి ఆంథోసయనిన్లు కూడా బాగానే పోతాయి. ఇక పక్కన పెట్టేద్దాం.

పొడి సంగతికొస్తే అసలు లెక్క ఇక్కడుంది. 2019లో మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట కొవ్వు, బీపీ, షుగర్ లాంటి సమస్యలు కలిసి రావడం) ఉన్న 115 మందితో ఆరు నెలల ప్రయోగం ఒకటి వచ్చింది. రోజుకి 26 గ్రాముల ఫ్రీజ్ డ్రైడ్ పొడి, అంటే ఒక కప్పు, సుమారు 150 గ్రాముల పండు. అది తీసుకున్నవాళ్ళలో రక్తనాళాలు సాగే తీరు మెరుగైంది. అరకప్పు వాళ్ళలో ఆ మార్పు రాలేదు. బీపీ తగ్గలేదు, ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఇన్సులిన్‌కి ఒళ్ళు సరిగా స్పందించకపోవడం, కూడా కదల్లేదు. అంతకుముందు 2010లో 32 మందికి రోజుకి 45 గ్రాముల పొడి ఆరు వారాలిచ్చినప్పుడు ఇన్సులిన్ బాగా పనిచేసింది. మోతాదు వేరు, మనుషులు వేరు. కాబట్టి షుగర్ తగ్గించేస్తుందని థంబ్‌నెయిల్ పెట్టేంత ధైర్యం నాకు లేదు.

ఆ లెక్కతో ఈ క్యాప్సూల్‌ని కొలవండి. 500 మిల్లీగ్రాముల మామూలు పొడి. పండుగా మారిస్తే దాదాపు 3 గ్రాములు, రెండు మూడు పండ్లు. ఒక కప్పుకి సాటి రావాలంటే రోజుకి 52 క్యాప్సూళ్ళు మింగాలి! ఎక్స్‌ట్రాక్ట్ (పండు సారాన్ని గాఢంగా తీసింది) అయితే కథ వేరు, కానీ అప్పుడు ఆంథోసయనిన్లు ఎన్ని మిల్లీగ్రాములో లేబుల్ మీద రాసుండాలి. రాయకపోతే కొనకండి. బ్లూబెర్రీలో ఉండే టెరోస్టిల్‌బీన్ అనే పదార్థం పేరు పెద్దక్షరాల్లో కనిపిస్తే నవ్వి వదిలేయండి, ఎండిన పండులో గ్రాముకి నానోగ్రాముల్లో ఉంటుందది. ఓఆర్ఏసీ స్కోరు, అంటే ల్యాబ్‌లో కొలిచే యాంటీఆక్సిడెంట్ శక్తి, చూపించి అమ్మేవాళ్ళ మాటా అంతే. ఆ అంకెలకి, ఒంట్లో జరిగేదానికి సంబంధం రుజువు కాలేదని అమెరికా వ్యవసాయ శాఖ 2012లోనే తన పట్టికని తీసేసింది.

కేక్‌లో వేసేవాళ్ళకి ఒక మాట. రసంలో చిటికెడు వంటసోడా వేశా, రంగు చూడండి, ఎలా నీలం, ఆకుపచ్చల వైపు తిరుగుతోందో. పాడైపోలేదు, ఆమ్లం తగ్గితే ఆంథోసయనిన్ల రంగు అలా మారుతుంది. పిండిలో సోడా తగ్గించి కాస్త పెరుగో నిమ్మరసమో కలిపితే ఊదా నిలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్ళు మాత్రం రోజూ కప్పు మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చెప్పండి, 100 గ్రాముల్లో 19 మైక్రోగ్రాముల దాకా విటమిన్ కె ఉంది, అది ఆ మందు పనికి అడ్డు రావచ్చు.