కహోకియా పాత దుంగల కోర్టు: వెళ్తే ఏం చూడాలి?

నమస్తే అండి. ఇవాళ ఇల్లినాయ్‌లోని కహోకియా కోర్ట్‌హౌస్ దగ్గరున్నాం. ఇది చిన్న కట్టడం, ముందు నిలబడి ఒక ఫోటో దిగి వెళ్ళిపోతే అసలు సంగతి చూడకుండానే వెళ్ళినట్టు, అందుకే ఈ వీడియో.

ముందు దారి చెప్తాను. మ్యాప్‌లో ఉత్తి కహోకియా అని కొట్టకండి, అది మిమ్మల్ని కాలిన్స్‌విల్ దగ్గరున్న కహోకియా మౌండ్స్‌కి, అంటే పాత మట్టిదిబ్బల దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. అవీ చూడాల్సినవే, కానీ అది వేరే చోటు. కోర్ట్‌హౌస్ అని పూర్తిగా కొట్టండి. సెయింట్ లూయిస్ నుంచి మిసిసిపీ వంతెన దాటితే దగ్గరే. ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో మాత్రం బయల్దేరే ముందే చూసుకోండి.

వచ్చాక వెంటనే లోపలికి వెళ్ళకండి, ఈ గోడ దగ్గరికి రండి. దుంగలు ఎలా ఉన్నాయో చూశారా? నిలువుగా నిలబెట్టారు! అమెరికన్లు కట్టిన దుంగల ఇళ్ళలో దుంగల్ని అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చి మూలల్లో గాళ్ళు కొట్టి బిగిస్తారు. ఇది ఫ్రెంచి వాళ్ళ పద్ధతి: రాతి పునాది మీద అడుగున ఒక దూలం, దాని మీద నిలువు దుంగలు, మధ్య సందుల్లో రాళ్ళూ సున్నం. చుట్టూ నాలుగు వైపులా వసారా కూడా ఉంది. 1740 ప్రాంతంలో ఒక ఫ్రెంచి కుటుంబం ఉండటానికి కట్టిన ఇల్లు ఇది, 1793లో సెయింట్ క్లెయిర్ కౌంటీ కొని కోర్టు చేసింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, అంటే ఈ ఊరు అప్పట్లో జిల్లా కేంద్రం. ఆ హోదా 1814లో బెల్‌విల్‌కి పోయింది.

ఇప్పుడు లోపలికి. నాకు ఇక్కడ నిలబడితే 1803 డిసెంబర్ గుర్తొస్తుంది. అమెరికా ప్రభుత్వం పంపగా పసిఫిక్ సముద్రం దాకా పడమటి యాత్రకి బయల్దేరిన మెరివెదర్ లూయిస్ అప్పుడే ఈ ఊరొచ్చాడు. నది అవతల సెయింట్ లూయిస్‌లో ఇంకా స్పెయిన్ అధికారే ఉన్నాడు, ఆయనతో మాట్లాడాలంటే ఇతనికి భాష రాదు, కహోకియా వాళ్ళు జాన్ హే, నికొలస్ జారో దుబాసీలుగా వెంట వెళ్ళారు. చరిత్రలో దుబాసీల పేర్లు సాధారణంగా మిగలవు, ఇక్కడ మిగిలాయి, అది నాకు చాలా నచ్చింది.

ఇంకో విషయం, ఈ ఇల్లు ఊళ్ళు కూడా తిరిగింది. దీన్ని విప్పి 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టారు, తర్వాత షికాగోలోని జాక్సన్ పార్క్‌కి తీసుకెళ్ళారు, చివరికి 1939 నాటికి మళ్ళీ ఇక్కడే, పాత పునాది తవ్వి చూసి, తిరిగి నిలబెట్టారు. కాబట్టి ప్రతి దుంగా 1740 నాటిదే అనుకోకండి.

బయటికొచ్చాక కారెక్కేయకండి. దగ్గర్లోనే హోలీ ఫ్యామిలీ చర్చి ఉంది, 1799లో పూర్తయింది, అదీ నిలువు దుంగలదే. దాని గోడలు కొంచెం లోపలికి వాలి ఉంటాయి, కాస్త దూరంగా, మూల నుంచి చూస్తే తెలుస్తుంది.