ఖాళీ సిస్టమ్ కేకకి ఎవరు పలుకుతారు?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే, మీలో సగం మంది పెన్‌డ్రైవ్ పట్టుకుని ల్యాబ్‌లో తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళే అయ్యుంటారు. నేనూ ఆ బాపతే. ఈ రోజు మాట్లాడేది, పెన్‌డ్రైవ్ లేకుండా నెట్‌వర్క్ మీదుగానే ల్యాబ్ మొత్తానికి ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, వేయడం గురించి.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ అయిన సీటీసీలో ఒక చిన్న షాపులో అసెంబ్లింగ్‌తో మొదలుపెట్టాను. అక్కడ ఓఎస్ వేయడమంటే మీకు తెలిసిందే. పెన్‌డ్రైవ్ పెట్టడం, నెక్స్ట్ నొక్కడం, డ్రైవర్లు ఎక్కించడం. సిస్టమ్‌కి గంట చొప్పున రోజుకి నాలుగైదు అయితే మా సేఠ్ సంతోషపడేవాడు. తర్వాత ఊరి చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో అడ్మిన్‌గా చేరాను. మొదటి వారంలోనే హెచ్‌ఓడీ సార్ పిలిచి, "60 సిస్టమ్‌లున్నాయి బాబూ, సోమవారానికి అన్నీ ఒకేలా ఉండాలి" అన్నారు. ఆ రోజు శుక్రవారం. నలుగురం కూర్చుని, పది పెన్‌డ్రైవ్‌లతో, ఆదివారం అర్ధరాత్రికి ముగించాం. సోమవారం చూస్తే ఏ రెండూ ఒకేలా లేవు. ఒకదాంట్లో జావా ఒక వెర్షన్, పక్కదాంట్లో ఇంకోటి. ఒకదానికి సౌండ్ డ్రైవర్ లేదు. మూడింటిలో తేదీ తప్పు. నలుగురు మనుషులు నాలుగు రకాలుగా నెక్స్ట్ నొక్కుతారని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఈ అవసరం మరీ పెరిగింది. తెలంగాణలో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) 2018 నుంచి కంప్యూటర్ మీదే రాస్తున్నారు, కాలేజీ ల్యాబ్‌లే పరీక్ష కేంద్రాలయ్యాయి. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ కావాలి, అది లేని పాత సిస్టమ్‌లు మన దగ్గర బోలెడు. వాటిని పక్కన పెట్టాలా, లినక్స్ వేసుకోవాలా అని మీటింగులు పెట్టుకుంటున్నాం. ఏది తేల్చుకున్నా, చివరికి వందల సిస్టమ్‌లలో ఎవరో ఒకరు ఓఎస్ వేయాల్సిందే కదా.

సర్వర్ ఎలా పెట్టాలో చెప్తానని వచ్చాను గానీ, ఒక మాట ముందే చెప్పేస్తున్నా. సర్వర్ పెట్టడం పూట పని. ఒక పాత డెస్క్‌టాప్, దాంట్లో డెబియన్ లినక్స్, దాని మీద ఫాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. సిద్ధం చేసిన ఒక సిస్టమ్ డిస్క్ నకలుని, అంటే ఇమేజ్‌ని, మిగతా సిస్టమ్‌లకి పంచేది అదే. ఇన్‌స్టాలర్ కొన్ని ప్రశ్నలు అడుగుతుంది, జవాబులిస్తే బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంటుంది. చిక్కు అక్కడ లేదు. డిస్క్‌లో ఏమీ లేని సిస్టమ్ ఆన్ కాగానే నెట్‌వర్క్‌లోకి ఒక కేక వేస్తుంది. ఆ కేకకి ఎవరు పలికారు, ఏమని పలికారు అన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. నేను పోగొట్టుకున్న రాత్రుల్లో చాలావరకు అక్కడే పోయాయి.

ఆ కేక పద్ధతి పేరు పీఎక్స్ఈ. ఇంటెల్ వాళ్ళు 1999లో దాని 2.1 వెర్షన్ ప్రకటించారు, ఇప్పటికీ మన సిస్టమ్‌లు ఆ దారినే నడుస్తున్నాయి. నెట్‌వర్క్ కార్డు లేచి, "నాకు ఐపీ అడ్రస్ కావాలి, నేను పీఎక్స్ఈ క్లయింట్‌ని, నాది ఫలానా రకం ఫర్మ్‌వేర్" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. ఇది డీహెచ్‌సీపీ, అంటే నెట్‌వర్క్‌లో ఐపీ అడ్రస్‌లు పంచే పద్ధతి, మాట. జవాబులో మూడు విషయాలు రావాలి: నీ ఐపీ ఇది, నువ్వు వెళ్ళాల్సిన సర్వర్ ఇది, అక్కడ తెచ్చుకోవాల్సిన ఫైలు ఇది. సర్వర్ పేరు 66వ ఆప్షన్‌లో, ఫైలు పేరు 67వ ఆప్షన్‌లో పెడతాం. చాలామంది ఇక్కడే మొదటి దెబ్బ తింటారు. ఆన్ కాగానే మొదట లేచే ఫర్మ్‌వేర్ రెండు రకాలు: పాతది బయోస్, కొత్తది యూఈఎఫ్‌ఐ. పాత బయోస్ సిస్టమ్‌కి ఒక ఫైలు, యూఈఎఫ్‌ఐ సిస్టమ్‌కి ఇంకో ఫైలు ఇవ్వాలి. 67లో ఒకే పేరు రాసి కూర్చుంటే సగం ల్యాబ్ లేస్తుంది, సగం లేవదు. క్లయింట్ 93వ ఆప్షన్‌లో తన రకం ఏమిటో చెప్తూనే ఉంటుంది. అది విని, దానికి తగ్గ ఫైలు ఇచ్చేలా డీహెచ్‌సీపీలో రాసుకోవాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, డిజిటల్ సంతకం లేని ఫైలుని సిస్టమ్ గుమ్మంలోకి కూడా రానివ్వదు. అది ఇంకో పూట.

ఇక పలికేవాళ్ళ సంగతి. ఒకసారి 60లో 20 సిస్టమ్‌లు బాగా బూట్ అయ్యాయి, 40 కాలేదు. మళ్ళీ ఆన్ చేస్తే ఈసారి 35 అయ్యాయి. సర్వర్ మారలేదు, కేబుళ్ళు మారలేదు. రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి చూస్తే, ఎవరో ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్ట్ కోసం ఒక చిన్న వైఫై రూటర్ తెచ్చి, దాని లాన్ పోర్టుని గోడలో ఉన్న పాయింట్‌కి కలిపారు. అదీ డీహెచ్‌సీపీ ఇస్తుంది. ఖాళీ సిస్టమ్ కేక వేస్తే, ఎనిమిది వందల రూపాయల ఆ రూటర్ నా సర్వర్ కంటే ముందు పలుకుతోంది. ఐపీ ఇస్తుంది, ఫైలు మాత్రం ఇవ్వదు. మేనేజ్డ్ స్విచ్‌లో, అంటే సెట్టింగులు మార్చుకోగల స్విచ్‌లో, డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేస్తే, మనం నమ్మిన పోర్టు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి జవాబు వచ్చినా స్విచ్ అక్కడే ఆపేస్తుంది. ఆ ఒక్క సెట్టింగ్ ముందే పెట్టి ఉంటే నాకు రెండు రోజులు మిగిలేవి.

కాలేజీ డీహెచ్‌సీపీని మిమ్మల్ని ముట్టుకోనివ్వరు, నెట్‌వర్క్ టీమ్ వేరే ఉంటుంది అనుకోండి. పోట్లాడకండి. ప్రాక్సీ డీహెచ్‌సీపీ అని ఒక పద్ధతి ఉంది. ఐపీ పాత సర్వరే ఇస్తుంది, ఫైలు పేరు మాత్రం మీ సర్వర్ పక్క నుంచి చెప్తుంది. డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో నాలుగైదు లైన్ల పని.

అసలు పెద్ద చిక్కు, ల్యాబ్ ఒక వీల్యాన్‌లో (ఒకే స్విచ్‌ల మీద విడదీసిన వేరే నెట్‌వర్క్), సర్వర్ ఇంకో వీల్యాన్‌లో ఉన్నప్పుడు. బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ వినపడేలా వేసే ఆ కేక, రూటర్ దాటదు. కూకట్‌పల్లిలో వేసిన కేక దిల్‌సుఖ్‌నగర్‌లో వినపడదు కదా. రూటర్‌లో హెల్పర్ అడ్రస్ పెడితే, అది కేకని చీటీగా రాసి సర్వర్‌కి చేరవేస్తుంది, జవాబు వెనక్కి తెస్తుంది. ప్రతి బ్లాకుకీ ఒక సర్వర్ కొనాలని కొటేషన్ తెచ్చినవాళ్ళని నేను చూశాను. ఆ ఒక్క లైన్ రాస్తే సరిపోయేది.

ఇంకొకటి, ఎవరూ ఊహించనిది. స్విచ్‌లో స్పానింగ్ ట్రీ ఉంటుంది. పోర్టు లేచిన వెంటనే లూప్ ఉందేమోనని పాత పద్ధతిలో 30 సెకన్లు చూస్తుంది, అంతవరకు ఏ మాటా బయటికి పోనివ్వదు. మొదటి కేక ఎలాగో గట్టెక్కుతుంది. తర్వాత ఐపీఎక్స్ఈ (సర్వర్ నుంచి తెచ్చుకున్న బూట్ ప్రోగ్రామ్) లోడ్ కాగానే లింక్ ఒకసారి పడి లేస్తుంది, స్విచ్ మళ్ళీ మొదటి నుంచి 30 లెక్కపెడుతుంది. ఐపీఎక్స్ఈకి అంత ఓపిక లేదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. తెలుసుకోవడానికి ఒక చిట్కా: సిస్టమ్‌కి, పెద్ద స్విచ్‌కి మధ్యలో ఒక మామూలు ఐదు పోర్టుల స్విచ్ పెట్టండి. అప్పుడు బూట్ అయితే తప్పు స్పానింగ్ ట్రీది. ఆ పోర్టుల్లో పోర్ట్‌ఫాస్ట్, అంటే ఆ 30 సెకన్లు ఆగనివ్వని సెట్టింగ్, ఆన్ చేస్తే చాలు.

డీహెచ్‌సీపీ జవాబు అందాక బూట్ ఫైళ్ళు తేవడం టీఎఫ్‌టీపీ పని. అది 1981 నాటి పద్ధతి. 512 బైట్ల ముక్క పంపి, "అందింది" అనే దాకా రెండో ముక్క పంపదు. చిన్న ఫైలుకి ఫర్వాలేదు. 400 ఎంబీ ఫైలుకి ఇలా 8 లక్షలసార్లు వెళ్ళి రావాలి. బ్లాక్ సైజు పెంచుకునే వీలు 1995లో వచ్చింది గానీ, నా సలహా వేరు. ఐపీఎక్స్ఈ వరకే టీఎఫ్‌టీపీ, ఆ తర్వాత అంతా వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీ.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఫాగ్ తెలియకముందు కిక్‌స్టార్ట్ ఫైలు రాసుకుని లినక్స్ వేసేవాణ్ణి. ప్రశ్నలన్నిటికీ జవాబులు ఫైల్లోనే ఉంటాయి, ఎవరూ నెక్స్ట్ నొక్కక్కర్లేదు. చాలా గొప్పగా అనిపించి, సాయంత్రం స్టార్ట్ చేసి ఇంటికి వెళ్ళిపోయాను. పొద్దున వచ్చి చూస్తే ఇంకా ఇన్‌స్టాల్ అవుతూనే ఉంది. సిస్టమ్‌లలో ఏదో లోపం ఉందని ఒక గంట తిట్టుకున్నాను. తర్వాత అర్థమైంది. ఇన్‌స్టాల్ పూర్తవుతుంది, రీబూట్ అవుతుంది, బూట్ ఆర్డర్‌లో నెట్‌వర్క్ ముందుంది, మళ్ళీ కేక వేస్తుంది, నా సర్వర్ మళ్ళీ "ఇన్‌స్టాల్ చేసుకో" అంటుంది. రాత్రంతా అదే. నవ్వుకోండి, ఫర్వాలేదు. అదే నెట్‌వర్క్‌లో ఆఫీసు సిస్టమ్ ఒకటి ఉండి, దాని బూట్ ఆర్డర్ కూడా అలాగే ఉండుంటే, అకౌంట్స్ మేడమ్ డేటా ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. సర్వర్ ఇచ్చే డిఫాల్ట్ జవాబు ఎప్పుడూ "నీ సొంత డిస్క్ నుంచే లే" అనే ఉండాలి. పేరు పెట్టి, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) చూసి పని అప్పగించిన సిస్టమ్‌కే ఇన్‌స్టాల్. ఫాగ్ మామూలుగా చేసేది ఇదే.

ఇప్పుడు వేగం. 25 జీబీ ఇమేజ్, 60 సిస్టమ్‌లు, సర్వర్‌కి ఒకటే గిగాబిట్ పోర్టు. ఒక్క కాపీకి కాగితం లెక్కన 200 సెకన్లు. ఎవరి కాపీ వాళ్ళకి పంపితే 60 ఇంటూ 200, మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇంటింటికీ క్యారియర్ పంపినట్టు. మల్టీకాస్ట్ అంటే బంతి భోజనం. అందరినీ ఒక వరసలో కూర్చోబెట్టి ఒకేసారి వడ్డిస్తాం. డిస్కుల వేగం సంగతి అలా ఉంచితే, 60 మందికీ కలిపి అదే 200 సెకన్లు.

అయితే బంతికి ఒక మర్యాద ఉంది కదా. ఒక్కరు నెమ్మదిగా తింటున్నా పెరుగు ఎవరికీ రాదు. ఇక్కడా అంతే. అన్నింటికంటే నెమ్మదైన సిస్టమ్ ఎంత వేగంతో తీసుకుంటే, మొత్తం ల్యాబ్ అంతే వేగంతో నడుస్తుంది. మా దగ్గర మల్టీకాస్ట్ అరగంట దాటింది. ఎందుకో తెలియదు. స్విచ్‌లో ఒక్కో పోర్టు వేగం చూసుకుంటూ పోతే, 59 పోర్టులు గిగాబిట్, ఒకటి 100 మెగాబిట్. గిగాబిట్‌కి కేబుల్‌లో నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. ఎవరో కుర్చీ కాలు పెట్టి తొక్కిన కేబుల్‌లో ఒక తీగ తెగింది, స్విచ్ చప్పుడు లేకుండా వేగం తగ్గించుకుంది. 25 జీబీ ఆ వేగంతో 33 నిమిషాలు. కనెక్టర్ కోసేసి మళ్ళీ క్రింప్ చేశాం, అంతే. అప్పటి నుంచి ఇమేజ్ వేసే ముందు పోర్టుల వేగం చూడకుండా స్టార్ట్ బటన్ నొక్కను. అన్నట్టు, స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (మల్టీకాస్ట్ అడిగిన పోర్టులకే పంపే సెట్టింగ్) లేకపోతే ఈ వడ్డన పిలవని ఇళ్ళకి కూడా వెళ్తుంది. అదే వీల్యాన్‌లో ఆఫీసు ఉంటే, "నెట్ ఎందుకు స్లో అయింది" అని ఫోన్ వస్తుంది.

ఇమేజ్ గురించి కొంచెమే చెప్తాను. విండోస్ అయితే ఇమేజ్ తీసే ముందు సిస్‌ప్రెప్ చేయండి, అది ఆ ఒక్క సిస్టమ్‌కే చెందిన గుర్తులు తీసేసే విండోస్ టూల్. సిస్టమ్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్స్‌తో ఇమేజ్ తీసి పంచకూడదు, దానికి వాల్యూమ్ లైసెన్స్ కావాలి. ఉబుంటు సర్వర్ క్లోన్ చేస్తే, మెషీన్ ఐడీ ఖాళీ చేయడం మరిచిపోకండి. డీహెచ్‌సీపీకి ఉబుంటు తన గుర్తింపుగా ఆ ఐడీ నుంచి తయారైనదే చూపిస్తుంది. మ్యాక్ అడ్రస్‌లు వేరైనా, అన్ని క్లోన్‌లకీ ఒకటే ఐపీ వచ్చి కూర్చుంటుంది. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) కీలు కూడా అంతే, తీసేసి కొత్తవి పుట్టించాలి.

పీఎక్స్ఈ, టీఎఫ్‌టీపీ రెండింటికీ తలుపులు లేవు. పాస్‌వర్డ్ అడగవు, ఎన్‌క్రిప్షన్ లేదు. కిక్‌స్టార్ట్ ఫైల్లో రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ పెట్టి హెచ్‌టీటీపీలో ఉంచితే, ల్యాబ్‌లో ఏ కుర్రాడైనా బ్రౌజర్‌లో తెరిచి చూడగలడు. చూస్తాడు కూడా. అందుకే డిప్లాయ్‌మెంట్‌కి వేరే వీల్యాన్ పెట్టి, పని అయ్యాక సర్వీస్ ఆపేస్తాను.

మాటలు చాలు. ఈ బల్ల మీద ఒక పాత డెస్క్‌టాప్, ఐదు పోర్టుల స్విచ్, ఖాళీ డిస్క్‌లున్న రెండు సిస్టమ్‌లు ఉన్నాయి. ఒకటి బయోస్, ఒకటి యూఈఎఫ్‌ఐ. తమ్ముడూ, ఆ రెండింటి పవర్ బటన్లూ ఒకేసారి నొక్కు. ముందు వరసలో ఉన్నవాళ్ళు స్క్రీన్ మీద మొదటి లైన్ చదివి గట్టిగా చెప్పండి. సార్, మీరు కంగారు పడకండి, ఈ హాలు నెట్‌వర్క్ కేబుల్ నేను పొద్దున్నే పీకేశాను.