మిజుహికి: ముడి, మడత, పురి

అందరికీ నమస్కారం.

మన పెళ్లిళ్లలో చదివింపులంటే నూట పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు. జపాన్ పెళ్లిలోనూ అంకె చూస్తారు. 20,000 యెన్లంటే రెండు పదివేల నోట్లు, సమంగా రెండుగా విడిపోతాయి గనక మూడు నోట్లు, 30,000 పెట్టడం మామూలు. కానీ అక్కడ అంకె కుదిరినా, కవరు మీది ముడి తప్పితే పరువు పోతుంది. ఆ ముడి వేసే బిరుసు కాగితపు దారమే మిజుహికి.

దీనికి పెద్ద కేంద్రం నగానో ప్రాంతంలోని ఈదా. అక్కడి కుటుంబాలు పూర్వం మగవాళ్ల సిగ కట్టే కాగితపు తాడు, మొతొయుయి, చేసేవి. 1871లో సిగ తీసేయవచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వడంతో ఆ బేరం పడిపోయింది. పురి పెట్టడం వచ్చిన చేతులు మిజుహికి వైపు తిరిగాయి.

పని చూడండి. వాషి అనే జపాన్ సంప్రదాయ కాగితాన్ని సన్న పట్టీలుగా కోసి పురి పెడతారు. పొడవుగా లాగి కట్టి, గుడ్డతో గంజి రుద్ది ఆరబెడతారు. మన నేతగాళ్లు పడుగుకు గంజి పెట్టినట్టే. గంజి చాలకపోతే ముడి వాలిపోతుంది, మరీ ఎక్కువైతే వంచిన చోట పగులుతుంది. ఇప్పుడు పురి చాలావరకు యంత్రాలే పెడతాయి. దారం పొడవు సాధారణంగా 90 సెంటీమీటర్లు.

ముడి వేసేముందు దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నాలుగైదుసార్లు నిమరాలి. ఇది మానేసి నేరుగా వంచితే మడత గీత పడుతుంది. పడిందా, ఇక పోదు. మామూలు శుభకార్యాలకు 5 దారాలు, పెళ్లికి 10. లాగినకొద్దీ బిగిసే అవాజి ముడిలో దారం ఒక కూడలిలో పైనుంచి, తర్వాతి కూడలిలో కిందనుంచి పోవాలి. ఒక్కచోట తప్పినా లాగగానే ఆకారం చెదురుతుంది. అయిదూ ఒకదానిమీదొకటి ఎక్కకుండా చాపలా పరచి, లోపలి దారం నుంచి ఒక్కొక్కటే బిగించాలి. కొత్తవాళ్లు అన్నీ కలిపి లాగేస్తారు, అక్కడే పని చెడుతుంది.

లాగితే ఊడే విల్లు ముడి బిడ్డ పుట్టినప్పుడు, బడిలో చేరినప్పుడు: మళ్లీ మళ్లీ రావాల్సిన సంతోషాలకు. పెళ్లికి అది పనికిరాదు, ఎందుకో చెప్పక్కర్లేదు కదా! పెళ్లికీ చావుకీ విప్పరాని ముడే.

కవరు వెనక మడత కూడా చూడాలి. శుభానికి కింది అంచు పైకి వచ్చి పై అంచును కప్పాలి. అశుభానికి పై అంచు కిందిదాన్ని కప్పాలి. దుకాణంలో సరిగ్గానే ఇస్తారు. డబ్బు పెట్టి మళ్లీ మడిచేటప్పుడు జనం తారుమారు చేస్తారు.

రంగుల్లో క్యోటో సంగతి విచిత్రం. రాజకుటుంబపు కానుకలకు వాడిన కుసుమపూల ఎరుపు దారం ఎంత చిక్కనిదంటే నల్లగా కనిపించేది. అశుభానికి వాడే నలుపు–తెలుపుతో పొరబడకుండా అక్కడ మరణానంతర కర్మలకు పసుపు–తెలుపు దారం అలవాటైందంటారు. పసుపంటే మనకు మంగళం. క్యోటోలో పెళ్లి కవరు కొనబోయి ఆ రంగు చూసి చెయ్యి చాచారంటే, దుకాణదారు ముఖంలోనే తెలిసిపోతుంది.