ఎవరికి జవాబు చెబుతారు?

అధ్యక్షులకు, మిత్రులకు నమస్కారం. ఇచ్చింది ఇరవై నిమిషాలు, పొగడ్తలకు ఖర్చుపెట్టను.

నా ప్రశ్న ఒకటే: శాంతి పేరుతో పరాయి దేశాలను ఏలే ఐక్యరాజ్యసమితి, విదేశీ అధికారులు అక్కడి జనానికి జవాబు చెబుతారా? నేరుగా ఐరోపాలోని కొసావోకు వెళ్దాం. 1999 జూన్‌లో భద్రతామండలి 1244వ తీర్మానం చేసింది. ఆ తర్వాత అక్కడి ఐక్యరాజ్యసమితి యంత్రాంగం తన మొట్టమొదటి నిబంధనలోనే రాసుకుంది: చట్టాలు చేయడం, అమలు చేయడం, న్యాయవ్యవస్థను నడపడం, అంతా సెక్రటరీ జనరల్ ప్రతినిధి ఒక్కరి చేతిలోనే. అక్టోబరులో తూర్పు తైమూరులోనూ దాదాపు అదే ఏర్పాటు. వలస గవర్నరుకు ఇంతకన్నా ఎక్కువేముండేది, చెప్పండి! బోస్నియాలో యుద్ధం ముగిశాక, శాంతి ఒప్పందం అమలు చూడటానికి పెట్టిన విదేశీ అధికారి హై రిప్రజెంటేటివ్‌కు, జనం ఎన్నుకున్నవాళ్లను సైతం పదవిలోంచి తీసేసే అధికారం 1997లో దక్కింది. 2004 జూన్ 30న ఒక్కరోజే దాదాపు 60 మందిని తొలగించారు. ఎవరికి అప్పీలు చేసుకోవాలి?

ఇక్కడ్నుంచి నానాజాతి సమితి మాండేట్ల దగ్గరికి, అంటే మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఓడినవాళ్ల ప్రాంతాలను గెలిచినవాళ్ల పాలనకు అప్పగించిన ఏర్పాటు దగ్గరికి, పోవాలని కాగితంలో రాసుకున్నాను. పోను. హైతీ సంగతి చెప్పకుండా దిగిపోతే నా మనసు ఊరుకోదు.

1915 నుంచి 1934 దాకా ఆ దేశాన్ని అమెరికా సైన్యం ఏలింది. అప్పుడూ శాంతిభద్రతలే సాకు. 2004లో ఐక్యరాజ్యసమితి శాంతి సేన దిగింది. 2010 అక్టోబరులో, మిరెబలే దగ్గరి నేపాల్ దళం శిబిరం నుంచి మురుగు ఏట్లో కలిసింది. దిగువన జనం తాగేది ఆ నీళ్లే. కలరా ఎరుగని దేశంలో 8 లక్షల మందికి జబ్బు చేసింది, దాదాపు 10 వేల మంది పోయారు. ఆ సిపాయిలను తిట్టకండి. పేద దేశం పంపితే వచ్చినవాళ్లు. ఎక్కడికి పంపాలో తేల్చేది వాళ్లు కాదు, వీటో ఉన్న ఐదు దేశాలు కూర్చునే భద్రతామండలి.

బాధితులు పరిహారం అడిగారు. 2013లో, ఆ దావాలు స్వీకరించదగినవి కావని ఐక్యరాజ్యసమితి అంది. అమెరికా కోర్టుకెక్కితే, ఐక్యరాజ్యసమితిపై కోర్టుల్లో దావా చెల్లకుండా రక్షణ ఇచ్చే 1946 నాటి ఒప్పందం అడ్డొచ్చింది, కేసు కొట్టేశారు. 2016 డిసెంబరులో అప్పటి సెక్రటరీ జనరల్ బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పారు, చట్టపరమైన బాధ్యత మాత్రం ఒప్పుకోలేదు. పదివేల ప్రాణాలండీ!

ఊచకోతలు జరుగుతుంటే చూస్తూ కూర్చోమంటారా అని మీరడగొచ్చు. 1994లో రువాండాలో ఊచకోత సాగుతుండగానే అక్కడున్న సేనను తగ్గించి కూర్చున్నారు కదా. సేనను పంపొద్దని నేననడం లేదు. హైతీతో 2004లో రాసుకున్న ఒప్పందంలోనే, నష్టపోయినవాళ్ల దావాలు వినడానికి కమిషన్ వేస్తామని ఉంది. వేయలేదు. అక్కడే కాదు, ఏ శాంతి సేన విషయంలోనూ అలాంటి కమిషన్ ఇప్పటిదాకా వేయలేదు. రాసిన మాట ప్రకారం వేయమనే అడుగుతున్నాను.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మాండేట్ల సంగతి ప్రశ్నలప్పుడు అడగండి, చెబుతాను.