కిటికీ పక్క మొక్కలు: మూడేళ్లయ్యాక మార్కులు వేస్తున్నా

అందరికీ నమస్కారం. నా వెనకాల కనబడుతోంది చూడండి, అది మా పడమటి కిటికీ. రాజమండ్రిలో ఈ ఇల్లు కట్టి మూడేళ్లు. అప్పుడు కడియపులంక వెళ్లి ఆటో నిండా మొక్కలు తెచ్చేశాం. కవర్లో అడుగున్నర ఉన్నప్పుడు అన్నీ ముద్దుగానే ఉంటాయండీ! పెరిగాక ఏది నిలబడిందో, ఏది విసిగించిందో ఇవాళ చూద్దాం.

ముందు ఓ కొలత. గదిలో నేల నుంచి కిటికీ అంచుకి 3 అడుగులు, బయట బేస్‌మెంట్ 2 అడుగులు. అంటే బయట మట్టి నుంచి 5. కిటికీ కింద మొక్క ఆ అయిదు లోపే ఆగాలి. తూర్పున పెట్టిన పొట్టి నూరువరహాలు 3 అడుగులు దాటలేదు, గాలికి అడ్డం రాలేదు. పదికి తొమ్మిది. చీమలు చేరతాయి, ఆ ఒక్క మార్కూ అందుకే.

పడమర లెక్క వేరు. మే నెలలో మూడయ్యేసరికి ఈ గోడ పెనమే. కర్టెన్ వేసినా అప్పటికే అద్దం కాగిపోయి ఉంటుంది, ఎండని బయటే ఆపాలి. అందుకని ఇక్కడ కావాలనే నందివర్ధనం పెట్టి ఎత్తుగా పెరగనిచ్చాం. ఇప్పుడు 8 అడుగులుంది. వేసవిలో సూర్యుడు వాయవ్యం వైపు దిగుతాడు కదా, కిటికీకి సరిగ్గా ఎదురుగా కాకుండా అడుగు ఉత్తరానికి జరిపాం. గోడకి 3 అడుగుల ఎడం. ఆ సందులోంచే దోమల మెష్ కడుగుతాను, రేపు రంగులు వేసేవాళ్లూ దూరాలి. దీనికి ఎనిమిది. కొమ్మ కోస్తే పాలు కారతాయి, చేతులు జాగ్రత్త.

రాధామనోహరం? సాయంత్రం తెల్లగా విచ్చి, తర్వాత గులాబీ, ఎరుపు... చూడ్డానికి కళ్లు చాలవు. కానీ నేరుగా గ్రిల్‌కే పాకించాను, తప్పు నాదే. వాన కొడుతుంటే తలుపు మూసుకోదు, తీగ అడ్డం. అయిదు. విడిగా ఫ్రేమ్ కడితే ఏడు వేసేదాన్ని.

ఏసీ అవుట్‌డోర్ ముందు మందారం పెట్టానండీ. ఆ వేడిగాలికి ఒక్క ఎండాకాలంలో మాడిపోయింది. దానికి మార్కులేం వేస్తాం, పాపం.

ఇక పడగ్గది కిటికీ పక్క నైట్‌క్వీన్. వీధిలోంచి వెళ్తూ పీల్చుకోడానికి బావుంటుంది. మంచం పక్కనుంటే మాత్రం రాత్రి పదకొండుకి తలనొప్పి! రెండు. వాన పడి మట్టి మెత్తగా ఉంది, ఇవాళే గేటు దగ్గరికి మార్చేస్తున్నా. అమ్మా, ఆ గునపం ఇలా ఇవ్వు.